మధ్యాహ్నం బస్సులో వెళ్ళి చూసిన వీధి

నేను చేసిన ఉద్యోగానికి మా రోజుల్లో సరైన పేరు లేదు. ఎవరైనా అడిగితే "పటమటలో ఒక సేవాసంఘంలో టైపిస్టును" అని చెప్పేదాన్ని. నిజానికి చేసిన పని విదేశాల్లోని సహాయ సంస్థలకు దరఖాస్తులు రాయడం. ఫలానా ఊళ్ళో ఫలానా ఇబ్బంది ఉంది, ఇంత సాయం చేస్తే ఇంతమంది బాగుపడతారు అని రాసి, మూడు కార్బన్ కాపీలు తీసి, ఎయిర్ మెయిల్‌లో పంపి, రెండు నెలలు జవాబు కోసం ఎదురుచూడడం. డెబ్భైల మొదట్లో మొదలుపెట్టి రిటైరయ్యేదాకా అదే చేశాను.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఎలా రాస్తే డబ్బు మంజూరవుతుంది ఆంటీ అని అడుగుతారు. అది నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. నేను రాసినవాటిలో చాలా తిరిగొచ్చాయి, కొన్నిటికి జవాబే రాలేదు. ఎలా రాస్తే మనుషులకు చెరుపు జరుగుతుందో మాత్రం తెలుసు. ఆ పాఠం నాకు ఒక నేతగాళ్ళ పేటలో దొరికింది. నేర్పినవాళ్ళు దానికి పెద్ద ఖరీదే చెల్లించారు. అందుకే రాస్తున్నాను.

మందుసీసాల ఇంగ్లీషు

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఎడమకాలు సన్నబడింది. బడి రెండు మైళ్ళు. అమ్మ తెలుగు నేర్పింది. మా నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. సాయంత్రం ఇంటికి వచ్చి ఇంగ్లీషు చెప్పేవారు. మాకున్న పుస్తకాలు ఒక బైబిలు, ఒక పాత నిఘంటువు. అవి అయిపోయాక మందుసీసాల మీద కాగితాలు చదివించేవారు. ఎంత మోతాదు, ఎవరికి పనికిరాదు, వికటిస్తే ఏం చేయాలి. ఇంగ్లీషంటే అలా పొట్టిగా, ఉన్నదున్నట్టు ఉండే భాష అని నా మనసులో పడిపోయింది. ఆసుపత్రి వాళ్ళు పారేయబోతున్న టైపు మిషను ఒకటి నాన్నగారు అడిగి తెచ్చారు. దేవుడు నాకు ఏదో తక్కువ చేశాడని ఎవరైనా జాలిపడితే, ఆ టైపు మిషను గుర్తొచ్చి నవ్వుకుంటాను.

మా సంఘం కార్యదర్శి సత్యనారాయణగారు రిటైరైన హెడ్మాస్టరు. సర్టిఫికెట్లు లేని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ఉత్తరం టైపు చేయించి, అందులో తప్పులేవీ కనబడక, "రేపట్నించి రామ్మా" అన్నారు. ఇంటర్వ్యూ అంతే. నా కాలి గురించి ఆ రోజూ అడగలేదు, తరువాత ఎప్పుడూ అడగలేదు. కాకపోతే నా కుర్చీ కింద ఒక చెక్క పీట వచ్చి చేరింది. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆ మాట ముందే చెప్పి ఆయన తప్పులు కూడా చెబుతాను. ఆయన బతికుంటే రాయమనే అనేవారు.

ఆయన దృష్టిలో దరఖాస్తు అంటే అర్జీ. జమీందారుకో కలెక్టరుకో పెట్టుకునే అర్జీ ఎలా ఉంటుందో అలా ఉండాలి. "నిరుపేదలు, నిస్సహాయులు, తమ దయ తప్ప వేరే దిక్కు లేనివారు" అన్న మాటలు లేకుండా ఆయన సంతకం పెట్టేవారు కాదు.

"ఇక్కడ 'ప్రజలు తమంతట తాము ఏం చేస్తున్నారు' అని అడిగారండి, ఏం రాయమంటారు?" అని ఒకసారి అడిగాను.

"ఏమీ చేయలేరని రాయి."

"ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు గదండీ."

"అది రాస్తే, చేసుకుంటున్నారు గదా ఇంక మేమెందుకు అంటారమ్మా. అడిగేటప్పుడు చేతిలో ఏమీ కనపడకూడదు."

నేను అలాగే రాశాను. ఆ తప్పులో నాకూ భాగముంది.

నేతగాళ్ళ పేట

హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, కాలువ గట్టు వెంట ఇంకో గంట పోతే ఆ పేట వస్తుంది. ఒకటే వీధి, సూటిగా, రెండు వైపులా తాటాకు ఇళ్ళు. ఒకవైపు ఇళ్ళ వెనక కాలువ, రెండోవైపు ఇళ్ళ వెనక ఎవరిదో వరిచేను. నలభై దాకా గుంట మగ్గాలు. గుంట మగ్గమంటే తెలియనివాళ్ళ కోసం: నేలలో గుంట తవ్వి, నేతగాడు గట్టున కూర్చుని కాళ్ళు గుంటలోకి వేసి తొక్కుతాడు. డెల్టాలో వానలు మొదలైతే నేలలోంచే నీరు ఊరుతుంది. ముందు గుంట అడుగున చెమ్మ, తరువాత మోకాలిదాకా నీళ్ళు. కుండతో తోడి పోస్తే తెల్లారేసరికి మళ్ళీ అంతే. అక్కడికి మగ్గం ఆగిపోతుంది. ఏటా రెండు మూడు నెలలు ఆ పేటకు నేత లేదు.

మేము సాయం అడిగింది యూరప్‌లో ఒక సంస్థను. వాళ్ళ ఫారంలో ఒక షరతు ఉంది: సొంత ఇళ్ళకు సాయం చేయరు, ఊరందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే కట్టడం కావాలి. సత్యనారాయణగారు ఒక్క క్షణం ఆలోచించి "ఉమ్మడి మగ్గాల షెడ్డు" అన్నారు. ఎత్తైన అరుగు, సిమెంటు గుంటలు, పైన రేకులు. ఆటోనగర్‌లో ఇనప దూలాలు చేసే మేస్త్రీ ఒకరు కొలతలు చెప్పారు. స్థలం ఏదని అడిగితే కరణంగారి రికార్డులో ఆ వీధి నడుమ వెడల్పాటి చోటు పోరంబోకుగా ఉంది.

నేను స్వయంగా వెళ్ళి, కొలతలు వేసుకుని చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పొద్దున ప్రార్థన చేసుకుని, ఇంట్లో పని ముగించి బయలుదేరితే పేటకు చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఎప్పుడు వెళ్ళినా ఎండలో వీధి బోసిగా ఉండేది. ఒక కుక్క, రెండు కోళ్ళు. ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. పెద్దమనుషులు నలుగురు వచ్చి నిలబడేవారు. షెడ్డు ఇక్కడ కడితే మీకు సమ్మతమేనా అంటే, "తమరెట్టా అంటే అట్టానండి" అనేవారు.

తిరిగొచ్చి నేను ఇంగ్లీషులో టైపు చేసిన వాక్యం ఇది: ఖాళీ స్థలం, దేనికీ వాడుకలో లేదు. మందుసీసా మీద రాతంత పొట్టిగా, స్పష్టంగా ఉంది.

మద్రాసు నుంచి ఆ సంస్థ ప్రతినిధి వచ్చారు. ఎల్సా అనే నడివయసు ఆవిడ. నూలు చీర కట్టుకుని, ఎండకు ఎర్రబడిన మొహంతో. ఆ రోజు పేటవాళ్ళు వీధంతా ఊడ్చి, కళ్ళాపి చల్లి ముగ్గులు పెట్టారు. ఎక్కడినుంచో రెండు కుర్చీలు తెచ్చారు. ఆవిడ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, స్థలం బాగుందన్నారు. ఉత్తరాలు నడుస్తూ నడుస్తూ రెండేళ్ళు దాటాక మంజూరు కాగితం వచ్చింది. మేము ఒప్పుకున్నట్టు సంతకం చేసి పంపితే వేసవిలో కట్టడం, తొలకరికి ముందే మగ్గాలు షెడ్డులోకి.

ఆ ఉదయం

మంజూరు సంగతి చెప్పడానికి నేనే వెళ్ళాను. తిరుగు బస్సు చెడిపోయి రాలేదు. నాంచారమ్మ అనే పెద్దావిడ "మా ఇంట పడుకోండి అమ్మగారు, తెల్లారి పోదురుగాని" అంది. ఆమె భర్త కోటయ్య పేటలో అందరికన్నా సన్నటి నేత నేసేవాడు. అన్నం పెట్టి, ఉన్న ఒక్క నవారు మంచం నాకు ఇచ్చారు.

తెల్లవారుతుండగా బయట మాటలు వినిపించి తలుపు తీశాను. అడుగు బయట పెట్టడానికి చోటు లేదు. వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా దారాలు. వెదురు గుంజల మధ్య నడుము ఎత్తున పడుగులు, అంటే బట్టకు నిలువునా వచ్చే పోగుల వరసలు, లాగి కట్టి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి. మగవాళ్ళు ఇద్దరిద్దరు పొడుగాటి కుంచెలు పట్టుకుని గంజి పట్టిస్తూ నడుస్తున్నారు. ఆడవాళ్ళు వెనకే తెగిన పోగులు ముడివేస్తున్నారు. ఎవరూ తల ఎత్తడం లేదు. ఎండ ఎక్కితే గంజి పెళుసెక్కి పోగు విరుగుతుందట. అందుకే అదంతా చీకటి విడుతుండగా మొదలై, పొద్దెక్కేసరికి అయిపోవాలి. పడుగు లేనిదే మగ్గం లేదు. అంత పొడుగు పడుగు చాపడానికి ఆ వీధి తప్ప వాళ్ళకు జానెడు చోటు లేదు.

నాంచారమ్మ గంజి కుండ దించి నా దగ్గరకు వచ్చింది.

"కాఫీ ఇస్తానుండండి అమ్మగారు."

"నాంచారమ్మా, షెడ్డు కట్టేది ఇక్కడే కదూ?"

"ఇక్కడేనండి."

"మరి కట్టాక పడుగులు ఎక్కడ చాపుతారు?"

"అదేనండి, మేమూ అదే అనుకుంటన్నాం."

"ఎప్పటినుంచి?"

"మీరు కొలతలేసుకున్న కాణ్ణించి."

"నాలుగుసార్లు వచ్చి అడిగాను గదా, ఒక్కరూ చెప్పలేదేం?" అన్నాను.

"ఎంత దూరాన్నించో ఇయ్యడానికొచ్చినోళ్ళకి ఇది కాదు అది అని ఎట్టా చెబుతాం? బాగోదుగా. దొరసానమ్మ వచ్చిన రోజు పడుగులేసుంటే ఆమె నడవడానికి ఇబ్బందని ముందురోజే అందరం మానుకున్నాం."

పక్కన కుంచె పట్టుకున్న కోటయ్య ఆగకుండానే అన్నాడు: "ముందు షెడ్డు రానీ, తరవాత దేవుడే చూత్తాడని వదిలేసినాం లెండి."

దేవుణ్ణి నమ్మే మనిషిని నేను. కానీ మనం కళ్ళు తెరిచి చూడాల్సిన పనిని ఆయన మీద పెట్టడం భక్తి కాదని ఆ గుమ్మంలో నిలబడి అనుకున్నాను. అప్పుడు సిగ్గుపడ్డాను. వాళ్ళ మర్యాద వల్ల కాదు, నా నిర్లక్ష్యం వల్ల. పొద్దుటి పూట ఇక్కడ ఏం జరుగుతుందని నాలుగు ప్రయాణాల్లో ఒక్కసారి కూడా నాకు అడగాలనిపించలేదు.

సంతకం

సత్యనారాయణగారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడేమంటావ్?"

"స్థలం తప్పు రాశామని ఉత్తరం రాద్దామండి."

"రాస్తే ఏమవుతుందో తెలుసా? ఈ ఏటి నిధి ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది. వానలకి ఆ పేట మళ్ళీ నీళ్ళలోనే ఉంటుంది. డబ్బు రానీయమ్మా. వచ్చాక కాస్త అటు ఇటు జరుపుదాం."

"ఎటు జరుపుదామండి? ఒకవైపు కాలువ, ఒకవైపు చేను."

నేను ఉత్తరం టైపు చేసి ఆయన బల్ల మీద పెట్టాను. మూడు రోజులు అది అక్కడే ఉంది. ఆ మూడు రోజులూ ఆయన నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. నేను ఇంట్లో మోకరించి, ఆయన సంతకం పెట్టాలని ప్రార్థించలేదు. వేరే దారేదైనా ఉంటే నాకు చూపించమని అడిగాను. కనబడలేదు.

నాలుగో రోజు సంతకం చేశారు. కింద చేత్తో ఒక వాక్యం కలిపారు: "ఈ పొరపాటు పూర్తిగా నాది, టైపు చేసిన అమ్మాయిది కాదు." అది నిజం కాదు. కొట్టేయమని బతిమాలాను. "హెడ్మాస్టరుగా చేసినవాడి పద్ధతి నీకు అర్థం కాదులే" అని కవరు అంటించేశారు. తరువాత చాలామంది కింద పనిచేశాను. కొందరు ఆయనకంటే తెలివైనవాళ్ళు. కింద పనిచేసేవాళ్ళ తప్పును అడక్కుండా తన మీద వేసుకున్న మనిషి మాత్రం ఇంకొకరు తగల్లేదు.

ఆ వానాకాలం

ఆయన చెప్పినట్టే అయింది. మీ నిజాయితీకి ధన్యవాదాలు, ఈ సంవత్సరపు మంజూరు రద్దయింది, సరైన వివరాలతో మళ్ళీ దరఖాస్తు చేయవచ్చు అని ఉత్తరం వచ్చింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇది దాచకుండా చెప్పాలి. నిజం రాసినందుకు వెంటనే బహుమానం రాదు. ఆ రోజు రాలేదు.

వానలు పడ్డాయి. గుంటలు నిండాయి. నేను వెళ్ళేసరికి నాంచారమ్మ కుండతో నీళ్ళు తోడుతోంది. కోటయ్య లేడు. ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు మోసే కూలికి పోయాడని చెప్పింది. పటమటకు అది ఎంతో దూరం కాదు. అన్నాళ్ళూ నా కిటికీ అవతలి రోడ్డు మీదే నడిచి వెళ్ళి ఉంటాడు. వాకబు చేసి వెళ్ళాను. స్ప్రింగు పట్టీలు భుజాన మోస్తున్నాడు. నన్ను చూసి బరువు దించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కోటయ్యగారూ, మళ్ళీ రాస్తున్నానండి. ఈసారి..."

"రాయండమ్మా, రాయండి. మీరు నిజం రాసుకున్నారు. మేం నీళ్ళలో కూచున్నాం."

కోపంగా కూడా అనలేదు. రెండు చేతులూ నాకు చూపించాడు. వేళ్ళ చివర్లు ఇనుము రాసుకుని బరకగా, పగుళ్ళతో ఉన్నాయి. "రేపు మగ్గమెక్కితే సన్నపోగు దీనికి తగులుకుంటది. తెగుద్ది. నూనె రాసి రాసి మెత్తబడేసరికి ఎన్నాళ్ళు పడుద్దో" అని మళ్ళీ బరువు ఎత్తుకున్నాడు.

షెడ్డు లేచి ఉంటే ఆ వీధి శాశ్వతంగా పోయేది, నిజమే. కానీ దానికి బదులు ఒక వానాకాలం పోయింది, అది వాళ్ళదే పోయింది. మొదటే సరిగ్గా చూసి ఉంటే రెండూ పోయేవి కావు. మంచి పని చేశానన్న తృప్తి వస్తే, ఆ వేళ్ళు గుర్తు చేసుకుంటాను.

రెండో దరఖాస్తు

అది ఆఫీసులో రాయలేదు. వానలు వెనకబట్టాక వెళ్ళి నాంచారమ్మ ఇంట్లో వారం ఉన్నాను. తెల్లవారుజామున వాళ్ళతో లేచి, అరుగు మీద కూర్చుని చూసింది చూసినట్టు రాసుకున్నాను. మొదటి దరఖాస్తులో పనిచేసేవాళ్ళ లెక్క మగ్గానికొకరు చొప్పున వేశాం. నూలు కండెలకు చుట్టేదెవరు, గంజి కాచేదెవరు, పోగులు ముడివేసేదెవరు అని అడిగితే ఒక్కో మగ్గానికి ముగ్గురు తేలారు. "మీరూ నేతపని చేసేవాళ్ళేగా" అని ఒక కోడల్ని అడిగితే, "నేనేం చేత్తానండి, ఇంట్లోనే ఉంటాను" అంది, చేతిలో రాట్నం తిప్పుతూనే.

షెడ్డు మాట ఎత్తలేదు. ఎవరింట్లో గుంట వాళ్ళింట్లోనే, నేల ఎత్తు చేసి, చుట్టూ ఇటుక కట్టి సిమెంటు పూయడం. నేల లేస్తే కప్పు తలకు తగులుతుంది. తాటాకు విప్పి కప్పు లేపుకోవడం వాళ్ళ పని. ప్రజలు తమంతట తాము ఏం చేస్తున్నారన్న ప్రశ్నకు ఈసారి జవాబు పేజీన్నర వచ్చింది. సత్యనారాయణగారు చదివి, "చేతిలో ఇన్ని కనపడుతున్నాయేంటమ్మా" అని, ఒక్క మాట కొట్టేయకుండా సంతకం చేశారు.

సొంత ఇళ్ళకు సాయం చేయరన్న షరతు అలాగే ఉంది. అందుకని నేను ఎల్సాగారికి విడిగా రాశాను: దయచేసి మళ్ళీ రండి, కానీ సూర్యోదయానికి ముందే చేరండి. ఆవిడ ముందురోజే వచ్చి హనుమాన్ జంక్షన్ దగ్గర బంగళాలో దిగి, చీకటుండగా జీపులో బయలుదేరారు. పేటవాళ్ళు మళ్ళీ పడుగులు మానుకుని ముగ్గులు పెట్టబోతుంటే నేను అడ్డుపడ్డాను.

"ఆవిడ ఎక్కడ కూచుంటది మరి?" అంది నాంచారమ్మ.

"కూచోదు. నిలబడుతుంది."

"వీధి దాటాల్సొత్తే?"

"వంగి దాటుతుంది."

"దొరసానమ్మని వంగమంటారా? మీరే చెప్పండి ఆ మాట, నా వల్ల కాదు."

నేనే చెప్పాను. ఎల్సాగారు వంగి, పడుగుల కింద నుంచి ఒక్కొక్కటీ దాటుకుంటూ వచ్చారు. జడకు, భుజానికి గంజి అంటింది. మధ్యలో ఆగి, పోయినసారి ఇదంతా ఎక్కడుందని అడిగారు. మీ కోసం తీసేశారని చెప్పాను. "ఇంకెన్ని ఊళ్ళలో నా కోసం తీసేశారో" అన్నారు ఆవిడ. తిరిగి వెళ్ళి, షరతు సడలించమని వాళ్ళ దేశానికి ఆవిడే రాశారు. అడిగినంత రాలేదు. ఇటుకకు, సిమెంటుకు వచ్చింది. మిగతాది పేట చేసుకుంది. ఎల్సాగారి కోసం ఇప్పటికీ నా ప్రార్థనలో ఒక మాట ఉంటుంది.

మరుసటి ఏడు శ్రావణంలో, రెండు రోజులు ముసురు పట్టాక వెళ్ళాను. వీధి బురద. కాలువ గట్టు దాకా నిండి ఉంది. నాంచారమ్మ గుమ్మంలో కండెలు చుడుతోంది. లోపల కోటయ్య మగ్గం మీద ఉన్నాడు. నేను గుంటలోకి తొంగి చూశాను. ఆయన పాదాల కింద సిమెంటు తెల్లగా, పొడిగా ఉంది.

పేటలో నేను అడుగుపెడితే ఎంత పనిలో ఉన్నా దిగ్గున లేచి, చేతులు కట్టుకుని నిలబడడం అందరికీ అలవాటు. ఎన్నిసార్లు వద్దన్నా మానేవారు కాదు. ఆ రోజు కోటయ్య తలెత్తి చూశాడు, పోగు అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె ఆపలేదు.

"కూచోండమ్మా" అన్నాడు. "ఈ బెత్తెడు అయ్యాక మాట్లాడతాను. ఇప్పుడు ఆపితే అంచు చెడుద్ది."

నేను గోడ పక్కన పీట లాక్కుని కూర్చున్నాను. బెత్తెడు నేత అయ్యేదాకా బయట వాన పడుతూనే ఉంది.